కూడలి కెమెరా ఎవరి కన్ను?

మన పట్టణాల కూడళ్లలో కెమెరాలు బిగించే కార్యక్రమం కొన్నేళ్లుగా జోరుగా సాగుతున్నది. హైదరాబాదులో ఇది పాత సంగతే. తక్కిన పట్టణాలూ అదే దారి పట్టాయి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, రోడ్డు భద్రతను యంత్రాల ద్వారా పర్యవేక్షించాలని 136ఎ సెక్షను చేర్చారు. 2021 ఆగస్టులో కేంద్రం నియమాలు ప్రకటించి, 132 నగరాలలో ముఖ్యమైన కూడళ్లకూ రద్దీ రోడ్లకూ కెమెరాలు పెట్టవలసిందన్నది. ఆ సెక్షనును రాష్ట్రాలు అమలు చేసి తీరాలని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కనుక ఇది ఒక పోలీసు కమిషనరు సరదా కాదు, దేశమంతటా అమలవుతున్న విధానం. విధానమన్న తర్వాత దానిని విమర్శించే బాధ్యత మనకుంటుంది.

ఈ విషయంలో అభ్యుదయవాదులమని చెప్పుకునే మనలోనే రెండు వాదాలున్నాయి. ఒక వాదం ప్రకారం కెమెరా విజ్ఞాన శాస్త్రం ఇచ్చిన వరం. దానికి కులం లేదు, మతం లేదు, మామూళ్లు లేవు. మంత్రిగారి కొడుకైనా ఆటో తోలుకునేవాడైనా దానికొక్కటే. రెండో వాదం ప్రకారం కెమెరా రాజ్యం యొక్క కన్ను. అది ఏ రూపంలో వచ్చినా ఎదిరించవలసిందే. నా ఉద్దేశంలో రెండూ సగం సగం వాదాలే. ఇద్దరూ స్తంభం మీది కెమెరాకేసి చూస్తున్నారు. స్తంభం కింద ఉన్న రోడ్డును ఎవరూ చూడడం లేదు.

మొదటి వాదానికి కొంత బలం ఉన్నదని నేను ఒప్పుకుంటాను. నాలుగు రోడ్ల మొగలో ఆటోవాణ్ణి ఆపి బేరమాడే పద్ధతి కంటె, ఫొటోతో సహా ఇంటికి వచ్చే చలానా నయమే. అయితే కెమెరాకు పక్షపాతం లేకపోయినంత మాత్రాన ఏమవుతుంది? దానిని ఎక్కడ పెట్టాలో, ఎటు తిప్పాలో, దేనిని నేరమనాలో, ఏ నేరానికెంత జరిమానా వేయాలో నిర్ణయించేవాళ్లు మనుషులు. ఆ మనుషులకు పక్షపాతం ఉంటుంది. మగ్గానికీ మరకూ స్వతహాగా వర్గం లేదు. వాటిని ఎవరి లాభానికి నడుపుతున్నారన్న దాన్ని బట్టి వర్గం వస్తుంది. ఫ్యాక్టరీ విషయంలో ఈ సంగతి కంఠతా వచ్చిన మన మిత్రులు, రోడ్డు మీదికి వచ్చేసరికి ఎందుకు మరిచిపోతారో నాకు బోధపడదు.

మరిచిపోవడానికి ఒక కారణం తోస్తున్నది. “మనవాళ్లకు క్రమశిక్షణ లేదండీ, వీళ్లకు కొరడా ఉంటే గాని లాభం లేదు” అన్న మాటను అధ్యాపకుల గదిలో నేను వారానికొకసారైనా వింటూ ఉంటాను. ఆ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లేమీ కారు. జీతాల విషయంలో సమ్మె చేసిన వాళ్లు, పిల్లలను ప్రేమించేవాళ్లు. కాని ఈ ఒక్క మాటలో వాళ్లు పాలకవర్గం చెప్పే పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్తున్నారు. పంట పోతే రైతు సోమరితనం, జబ్బు వస్తే బీదవాడి అశుభ్రత, పరీక్ష తప్పితే కుర్రవాడి మట్టిబుర్ర, రోడ్డు మీద చస్తే వాడి క్రమశిక్షణారాహిత్యం. అన్నిటికీ ఒకటే మందు: కొరడా. మనం ఉపాధ్యాయులం గదా, మన లెక్కలోనే చూసుకుందాం. అరవై మంది తరగతిలో ముగ్గురు తప్పితే ఆ ముగ్గురిని మందలిస్తాం. యాభై మంది తప్పితే పాఠం చెప్పినవాణ్ణీ, పాఠ్యగ్రంథాన్నీ, ప్రశ్నపత్రాన్నీ కూడా విచారించకుండా యాభై మందినీ బెత్తంతో కొట్టేవాణ్ణి ఉపాధ్యాయుడని ఎవరైనా అంటారా?

ఇప్పుడు లెక్కలు చూద్దాం. ఇవి కేంద్ర రవాణా శాఖ స్వయంగా ప్రకటించినవి. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవాళ్లు. నూటికి 19 మందికి పైగా కాలినడకన పోతున్నవాళ్లు. పాదచారులే 32,825 మంది. అంటే రోడ్డు మీద చచ్చేవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు చుట్టూ ఇనప గోడ లేనివాళ్లు. కాలినడకన పోయేవాడు ఎర్ర దీపం దాటి ఎవరినీ చంపలేడు. అతడు చావగలడు, అంతే.

కూడలి కెమెరా ముఖ్యంగా పట్టేది ఎర్ర దీపం దాటడాన్ని. 2022లో ఎర్ర దీపం దాటినందువల్ల జరిగినవిగా నమోదైన ప్రమాదాలు 4,021; అందులో పోయిన ప్రాణాలు 1,462. అదే సంవత్సరం, అదే నివేదికలో, రోడ్డు మీది గుంతల వల్ల జరిగిన ప్రమాదాలు 4,446. పోయిన ప్రాణాలు 1,856. గుంత ఎర్ర దీపం కంటె ఎక్కువ మందిని చంపింది. ఎర్ర దీపం దాటినవాడి ఫొటో తీసి, నెంబరు ప్లేటు చదివి, పదిహేను రోజులలోగా నోటీసు పంపే ఏర్పాటు నియమాలలో ఉన్నది. గుంత ఫొటో తీసి, ఆ రోడ్డు వేసిన కాంట్రాక్టరు పేరూ, బిల్లు మంజూరు చేసిన ఇంజనీరు పేరూ చదివి, పదిహేను రోజులలోగా వాళ్ల ఇంటికి నోటీసు పంపే ఏర్పాటు ఎక్కడైనా ఉన్నదా? గుంత కదలదు, పారిపోదు, నెంబరు ప్లేటు దాచుకోదు. దానిని ఫొటో తీయడం యంత్రానికి చాలా సులువు. సులువైన ఆ పని చేయకపోవడానికి కారణం యంత్రంలో లేదు.

దీనికి జవాబుగా, చావులలో నూటికి డెబ్భై ఒకటి మితిమీరిన వేగం వల్లనే అని అదే నివేదిక చెబుతున్నది గదా, వేగాన్ని పట్టడానికైనా కెమెరా వద్దా అంటారు. మంచి ప్రశ్న. వేగం చంపుతుందన్న మాట ముమ్మాటికీ నిజం. మనిషిని గంటకు 30 కిలోమీటర్ల వేగంతో కారు కొడితే బతికే అవకాశం ఎక్కువ. వేగం పెరిగేకొద్దీ ఆ అవకాశం తరిగిపోతుంది. అయితే “మితిమీరిన” అనడానికి ముందు ఆ మితి ఎంతో చూడాలి. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ పరిమితి ప్రకారం, పురపాలక రోడ్ల మీద కారు గంటకు 70 కిలోమీటర్ల దాకా పోవచ్చు, మోటారు సైకిలు 60 దాకా, ఆటో 50 దాకా. రాష్ట్రాలు దీనిని తగ్గించుకోవచ్చు, కొన్ని చోట్ల తగ్గించాయి కూడా. కాని కేంద్రం గీసిన గీత అది. పిల్లలు బడికి పోయే రోడ్డు మీద 65 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆ గీత ప్రకారం చట్టానికి లోబడి పోతున్నదన్న మాట! అలాంటి చోట కెమెరా నోరు మూసుకుని కూర్చోవలసిందే. పైగా ఆటో కంటె మోటారు సైకిలుకూ, మోటారు సైకిలు కంటె కారుకూ ఎక్కువ వేగం హక్కుగా ఇచ్చిన చట్టం ఎవరి తొందరకు విలువ కట్టిందో వేరే చెప్పాలా?

వేగం డ్రైవరు కాలి కింద పుట్టేది మాత్రమే కాదు. రోడ్డు నిర్మాణంలోనే వేగం ఉంటుంది. ఊరి మధ్యలో ఆరు వరుసల రోడ్డు వేసి, దాని మీద ఫ్లైఓవరు ఎక్కించి, కూడళ్లు మూసి, అర కిలోమీటరు అవతల యూ-టర్ను పెట్టి, నడిచేవాడికి మాత్రం ఫుట్‌పాత్ బదులు కరెంటు ట్రాన్స్‌ఫార్మరూ, మూత లేని మురుగు కాలవా మిగిల్చి, ఆ తర్వాత “జీబ్రా గీతల మీద దాటండి” అని బోర్డు పెడతారు. ఎన్నో చోట్ల ఆ జీబ్రా గీతలు తిన్నగా పోయి డివైడరు మీది ఇనప కంచెకు తగులుతాయి. ఆ కంచె దూకే ముసలమ్మకు క్రమశిక్షణ లేదా, గీత గీసినవాడికి లేదా? అర కిలోమీటరు పెట్రోలు మిగులుతుందని ఎదురు దారిన వచ్చే కూరగాయల బండివాడు తప్పు చేస్తున్నాడు, కాదనను. కాని ఆ తప్పును కాగితం మీద ముందే గీసి పెట్టినవాడు తప్పు చేయలేదా? నడిచేవాళ్లకు అనువైన ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. నడవడానికి చోటు కావాలని చెప్పడానికి సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చిన దేశంలో, నడిచేవాడి క్రమశిక్షణను గురించి ఉపన్యాసాలు వినవలసి రావడం వింతగా ఉంది.

చట్టం ఈ ఇద్దరు నేరస్థులనూ ఎలా చూస్తున్నదో గమనించండి. 2019 సవరణ ప్రకారం హెల్మెటు లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలపాటు లైసెన్సు రద్దు. అదే సవరణ 198ఎ అనే సెక్షనును కూడా చేర్చింది. రోడ్డు డిజైనులోగాని, నిర్మాణంలోగాని, నిర్వహణలోగాని ప్రమాణాలు పాటించక, అందువల్ల మనిషి చనిపోయినా వికలాంగుడైనా, బాధ్యులైన అధికారికి, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చునట. దాకా! ఆ సెక్షనులో జైలు లేదు. మనిషి ప్రాణం ఖరీదు ఎంత ఎక్కువ కట్టినా నూరు హెల్మెట్ల చలానాలకు సమానం. ఇక ఆ సెక్షను కింద శిక్ష పడిన కాంట్రాక్టరును మీలో ఎందరు చూశారో మీరే చెప్పాలి. చలానా పడిన డెలివరీ కుర్రవాణ్ణి మాత్రం మీరందరూ చూసే ఉంటారు. అతడు మీ తరగతిలో వెనక బెంచీ మీద నిద్రపోతున్నాడు.

ఆ కుర్రవాడి తొందర ఎవరిది? “పది నిమిషాలలో మీ ఇంటికి” అని కంపెనీలు ఏళ్ల తరబడి గోడలెక్కి చాటుకున్నాయి. ఆర్డరుకింత అని కూలి, ఇన్ని ఆర్డర్లు దాటితే ఇంత అదనం అని ఎర. ఎర్ర దీపం దగ్గర అతడు ఆగిన ప్రతి నిమిషమూ అతడి కూలిలో కోతే. దాటితే ఆ నిమిషం కంపెనీ ఖాతాలో జమ, చలానా అతడి ఖాతాలో ఖర్చు. లాభం సొంతం, నష్టం కూలివాడికి అన్న ఈ సూత్రం మనకు కొత్తది కాదు. కెమెరా ఇందులో చేసిన పనల్లా, ఆ నష్టాన్ని రసీదుతో సహా అతడి పేర రాయడం. ఇక బస్సుల మాట. హైదరాబాదులో 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. ఆ తర్వాత నగర బస్సులను వందల సంఖ్యలో తగ్గించారు. బస్సు కోసం ముప్పావు గంట నిలబడి విసిగిన గుమాస్తా అప్పు చేసి స్కూటరు కొంటాడు. మరునాటి నుంచి అతడు ప్రమాదాల లెక్కలో ఒక అంకె కాగల మనిషి. బస్సును తగ్గించడం ఏ కెమెరాకూ కనపడని నేరం.

కేరళ సంగతి ప్రస్తావించకుండా ఉండలేను, ఎందుచేతనంటే అక్కడ కెమెరాలు పెట్టింది వామపక్ష ప్రభుత్వం. 2023 జూన్‌లో 726 కెమెరాలతో చలానాలు మొదలుపెట్టారు. ఖర్చు సుమారు 232 కోట్లు. అందులో 675 కెమెరాలు హెల్మెటూ, సీటు బెల్టూ వగైరా చూడడానికి. ఎర్ర దీపం చూడడానికి 18. వేగం చూడడానికి, కదిలేవీ కదలనివీ కలిపి, 8. వేగమే ప్రధాన హంతకుడని అధికార లెక్కలు ఘోషిస్తుంటే వేగానికి ఎనిమిది, హెల్మెటుకు ఆరువందల డెబ్భైఐదు! హెల్మెటు ప్రాణం కాపాడుతుంది, సందేహం లేదు. అక్కడ మరణాలు తగ్గాయని ప్రభుత్వం చెప్పింది, సంతోషమే. కాని హెల్మెటు లేనివాడు తన ప్రాణాన్నే పోగొట్టుకుంటాడు. వేగంగా కారు నడిపేవాడు ఇతరుల ప్రాణం తీస్తాడు. మొదటివాడి కోసం 675 కళ్లు, రెండోవాడి కోసం ఎనిమిది. ప్రభుత్వ రంగ సంస్థ అయిన కెల్ట్రాన్‌కు పని అప్పగించినా, కింద ప్రయివేటు ఉపకాంట్రాక్టులు వచ్చి చేరాయి. వాటి మీద నెలల తరబడి రచ్చ జరిగింది. మనవాళ్ల ప్రభుత్వం కనుక మాట్లాడకూడదనే మిత్రులతో నేను ఏకీభవించను. మనవాళ్లు గనకనే ముందుగా మాట్లాడాలి.

కంపెనీ చేతిలో పడిన కెమెరా ఏమవుతుందో తెలుసుకోవాలంటే అమెరికాకు పోవాలి. షికాగో నగరంలో 2003లో ఎర్ర దీపం కెమెరాల కాంట్రాక్టు రెడ్‌ఫ్లెక్స్ అనే కంపెనీకి దక్కింది. ఆ పథకాన్ని పర్యవేక్షించిన నగర అధికారికి కంపెనీ ఏళ్ల తరబడి లంచాలు మేపిందని రుజువై, 2016లో అతడికి పదేళ్ల జైలు శిక్ష పడింది. కంపెనీ అమెరికా శాఖ అధినేత్రి కూడా జైలుకు పోయింది. లంచం తీసుకోదని మన మిత్రులు పొగిడే కెమెరా, బిగించక ముందే లంచం తీసుకున్నదన్న మాట. హ్యూస్టన్‌లో 2010లో ప్రజలు ఓటు వేసి మరీ కెమెరాలు తీసివేయించారు. ఆ తర్వాతి లెక్కలను పరిశీలించిన ఇద్దరు ఆర్థికవేత్తలు, కెమెరాలు ఉన్నప్పుడు అడ్డంగా కొట్టుకునే ప్రమాదాలు తగ్గినా, చలానా భయంతో ఉన్నపళాన బ్రేకు వేయడం వల్ల వెనక నుంచి గుద్దుకునేవి పెరిగాయనీ, మొత్తం మీద ప్రమాదాలు తగ్గిన దాఖలా లేదనీ తేల్చారు. ఒక్క నగరాన్ని బట్టి అంతిమ తీర్పు చెప్పరాదు. కాని కెమెరా పెట్టగానే ప్రాణాలు నిలుస్తాయనే గుడ్డి నమ్మకం విజ్ఞానం కాదని చెప్పడానికి ఈ ఒక్క నగరం చాలు.

ఇంతవరకు చదివి రెండో వాదం మిత్రులు సంతోషిస్తూ ఉంటారు. వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. “కెమెరాలన్నీ పీకేయాలి” అనే నినాదం వినడానికి విప్లవాత్మకంగా ఉంటుంది. కాని రోడ్డు మీద అదుపు లేని వేగం ఎవరి స్వేచ్ఛ? కారున్నవాడి స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛకు మూల్యం చెల్లించేది తెల్లవారుజామున రోడ్డు ఊడ్చే కార్మికురాలు, షిఫ్టు దిగి నడిచిపోయే వాచ్‌మన్. బలవంతుడిని అదుపు చేయని రోడ్డు బీదవాడికి స్వర్గం కాబోదు. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో 2024 జూలై నుంచి ఏడాది పాటు రోడ్డు ప్రమాదంలో ఒక్క మనిషీ చనిపోలేదు. అక్కడ కెమెరాలున్నాయి. కాని కెమెరాకు ముందు వీధులు ఇరుకు చేశారు, సగానికి పైగా వీధులలో వేగాన్ని 30కి దించారు, ట్రాములూ బస్సులూ నడిపారు, నడిచేవాడికి దారి ఇచ్చారు. ఆ మీదట కెమెరా పెట్టారు. మనం మొదటి నాలుగు పనులూ మాని ఐదోది ఒక్కటే చేస్తున్నాం. ఆ దేశంలోనే మరో మంచి పద్ధతి ఉన్నది: బాగా మితిమీరిన వేగానికి జరిమానాను మనిషి రాబడిని బట్టి వేస్తారు. 2002లో ఒక పెద్ద టెలిఫోను కంపెనీ డైరెక్టరు 50 పరిమితి ఉన్న చోట 75 వేగంతో పోయినందుకు లక్షా పదహారు వేల యూరోల జరిమానా వేశారు. తర్వాత తగ్గించినా సూత్రం నిలిచింది. మన దగ్గర వెయ్యి రూపాయలు డెలివరీ కుర్రవాడికి ఒకటి రెండు రోజుల తిండి. పెద్ద కారువాడికి ఒక పూట కాఫీ ఖర్చు. ఇద్దరికీ ఒకే జరిమానా సమానత్వం కాదు. అది ధనవంతుడికి తప్పు చేసే లైసెన్సును చౌకగా అమ్మడం.

తెలంగాణాలో 2022లోనూ, మళ్లీ 2023 డిసెంబరులోనూ పేరుకుపోయిన చలానాల మీద రాయితీలు ప్రకటించారు. రెండోసారి ద్విచక్ర వాహనాలకు నూటికి ఎనభై తగ్గింపు. బట్టల కొట్లో ఆషాఢం సేలు లాగా! జనం కట్టారు, ఖజానాకు వందల కోట్లు వచ్చాయి. నూటికి ఎనభై వదులుకోగలిగిన జరిమానా భద్రత కోసం వేసినదేనా? ఆ కోట్లలో ఎంత ఫుట్‌పాత్‌గా మారిందో కూడలికి వెళ్లి చూస్తే తెలుస్తుంది.

నిఘాను గురించిన భయం మాత్రం పూర్తిగా న్యాయమైనది. 2022 ఆగస్టులో హైదరాబాదులో ప్రారంభించిన కమాండ్ కంట్రోల్ కేంద్రంలోకి నగరంలోని కెమెరాల దృశ్యాలు వచ్చి పడుతున్నాయి. ముఖాలను గుర్తుపట్టే యంత్రాల వాడకం మీద హైకోర్టులో వ్యాజ్యం వేయవలసి వచ్చింది. చలానా కోసం పెట్టిన కన్ను ఊరేగింపులో నడిచేవాళ్ల ముఖాలను లెక్కపెట్టడానికి ఎంతో కాలం పట్టదు. అందుచేత నెంబరు ప్లేటు చదవడానికి పెట్టిన యంత్రం ముఖం చదవరాదని చట్టంలో రాయించాలి. అది అడగడం కెమెరాలను పీకేయమనడం కంటె కష్టమైన పని, కాని ఉపయోగపడే పని.

కాబట్టి మన కోరికలు స్పష్టంగా ఉండాలి. జనం తిరిగే వీధులలో వేగాన్ని 30కి దించి, రోడ్డును అందుకు తగ్గట్టు మార్చాలి. అప్పుడే అక్కడ వేగపు కెమెరా పెట్టాలి. జరిమానా రాబడిని బట్టి ఉండాలి. చలానా మీద ఏ కంపెనీకీ పైసా వాటా ఉండరాదు. వచ్చిన డబ్బు ఆ కూడలికే, ఫుట్‌పాత్‌కూ బస్సుకూ ఖర్చు కావాలి, లెక్క గోడ మీద రాయాలి. ఫుట్‌పాత్ పేరు చెప్పి తోపుడు బండివాళ్లను తరమరాదు; వాళ్లకు చోటు చూపించాలని 2014 నాటి చట్టమే చెబుతున్నది. డెలివరీ కంపెనీ తొందరకు కంపెనీయే జవాబుదారీ కావాలి. ప్రతి చావు తర్వాతా డ్రైవరుతో పాటు రోడ్డును కూడా ముద్దాయిగా నిలబెట్టాలి.

ఇవి గాలిలో చెప్పే మాటలు కావు. విద్యార్థులు ఈ సెలవులలో తమ కళాశాల దగ్గరి కూడలిలో నాలుగు రోజులు కాగితం, పెన్సిలు పట్టుకుని నిలబడండి. దాటడానికి ఆకుపచ్చ దీపం ఎన్ని సెకండ్లు వెలుగుతున్నదో, కర్ర పట్టుకున్న ముసలివాడికి ఎన్ని సెకండ్లు కావాలో రాయండి. జీబ్రా గీత ఎక్కడ ఆగిపోతున్నదో, గుంతలెన్నో, బస్సు ఎంతసేపటికి వస్తున్నదో రాయండి. ఉపాధ్యాయులు వాళ్ల పక్కన నిలబడండి. ఆ కాగితాన్ని పురపాలక కార్యాలయానికి తీసుకుపోయి, ఈ ఫొటోకు చలానా ఎవరి పేర రాస్తారని అడగండి. జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి.